బుట్టలో పడ్డ పండు ఈగ ఏదో గుర్తుపట్టడం ఎలా: వీపు, రెక్క, ముఖం వరుసగా చూసే పద్ధతి

నాలుగేళ్ల కింద నర్సంపేట వైపు మా చెలకలో ఇరవై గుంటల్లో కాకర పందిరి వేశాం. కాయ వేలెడు కూడా కాకముందే వంకర తిరిగి, పసుపుపచ్చబడి, కోస్తే లోపల తెల్ల పురుగులు. దుకాణానికి పోయి పండు ఈగ బుట్టలు (ఎర వాసనకు వచ్చిన ఈగల్ని పట్టేవి) కావాలన్నా, ఇచ్చారు, ఆరు తెచ్చి కట్టాను. మూడో రోజుకే బుట్టకు గుప్పెడు ఈగలు పడ్డాయి. ఎంత సంబరపడ్డానంటే, బుట్ట విప్పి వచ్చేపోయే వాళ్లందరికీ చూపించా. రెండు వారాలు గడిచాయి. బుట్టలు నిండుతూనే ఉన్నాయి, కాయలు పుచ్చుతూనే ఉన్నాయి. మా మేనమామ జగిత్యాల వైపు మామిడి తోటలు పడతాడు, చల్‌గల్ మార్కెట్‌కు కాయ తోలుతాడు. ఒకరోజు ఇంటికొచ్చినవాడు బుట్ట మూత తీసి, నాలుగు ఈగల్ని కాగితం మీద పోసి, "అల్లుడా, ఇవి పక్క మామిడి తోటవిరా, నీ పందిరివి కావు" అన్నాడు. ఎట్ల తెలుసు మామా అంటే, "వీపు మీద గీతలు లెక్కపెట్టు" అన్నాడు, అంతే.

దుకాణంలో నాకు అంటగట్టింది మామిడికి పెట్టే మిథైల్ యూజినాల్ ఎర. కాకరకు కావాల్సింది క్యూ లూర్ అనే వేరే ఎర. అడగాలని నాకూ తెలియదు కాబట్టి తప్పు సగం నాది. అప్పటి నుంచి బుట్టలో ఏది పడ్డా చూడకుండా పారబోయను. చూడగా చూడగా ఒక వరుస అలవాటైంది: ముందు వీపు, తర్వాత రెక్క, తర్వాత ముఖం, చివర పొట్ట. ఒంటి రంగు అన్నిటికన్నా ఆఖరున. చాలామంది రంగుతోనే మొదలుపెట్టి అక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను.

సామాను

పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఒకటి కావాలి, కంసాలి వాళ్లు కంటికి పెట్టుకునే లాంటిదైనా సరే. ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్ క్లిప్ ఉంటే ఇంకా సుఖం, ఎందుకంటే ఫొటో తీసి తాపీగా పెద్దది చేసుకుని చూడొచ్చు. తెల్ల కాగితం, సూది, పిల్లల పెయింటింగ్ బ్రష్, రెండు మూడు చిన్న సీసాలు. బుట్టలో ఎరతో పాటు పురుగుమందు కూడా ఉంటుంది కాబట్టి చేతికి తొడుగు లేకుండా ఈగల్ని ముట్టుకోకండి. మా మామ కాగితం మీద పోసి సూదితో తిప్పింది కూడా అందుకే.

ఎలాంటి ఈగ తీసుకోవాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం గుర్తింపు ఇక్కడే చెడిపోతుంది. చచ్చి పది రోజులు ఎండిన ఈగకు పసుపు గీతలు మాసి మట్టి రంగుకొస్తాయి, గీత ఉందో లేదో చెప్పలేం. వాన నీళ్లలో నానిన దానికి రెక్కలు ఒంటికి అతుక్కుపోతాయి. చీమలు దూరిన బుట్టలో పొట్టలే ఉండవు, తలా రెక్కలే మిగులుతాయి (బుట్ట వేలాడే తీగకు కాస్త గ్రీజు పూస్తే ఈ బాధ తప్పుతుంది). అందుకని ఎర కట్టిన రెండు మూడు రోజుల్లోపు పడ్డవి తీయండి. ఒక్కటి చూసి తేల్చకండి, కనీసం పది చూడండి.

దీనికి ఎదురు తప్పు ఇంకోటి ఉంది. కోశం (ప్యూపా) నుంచి అప్పుడే బయటికొచ్చిన ఈగ పాలిపోయి, మెత్తగా, గీతలు సరిగా కుదురుకోకుండా ఉంటుంది. దాన్ని చూస్తే కొత్త జాతి దొరికిందనిపిస్తుంది. రెండు మూడు రోజులు చక్కెర నీళ్లు తడిపిన దూదితో సీసాలో బతకనిస్తే అసలు రంగులు తేలతాయి.

బతికున్నదాన్ని పట్టుకుంటే ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే కదలకుండా ఉంటుంది, చంపాలంటే ఫ్రీజర్‌లో కొన్ని గంటలు. డబ్బా మీద పేరు రాసి పెట్టండి. నేను రాయలేదు. మా అవ్వ పచ్చడి డబ్బా అనుకుని మూత తీసింది, ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయలేను.

మొదటి మెట్టు: అసలు పండు ఈగేనా

ఈగకు రెక్కలు రెండే. వెనక రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలు ఉంటాయి. నాలుగు రెక్కలుంటే అది కందిరీగ జాతిది, పక్కన పెట్టండి. పండు ఈగలు పసుపు, నలుపు, ఎర్ర గోధుమ రంగుల్లో అచ్చం చిన్న కందిరీగలా ఉంటాయి కాబట్టి ఈ లెక్క తప్పదు.

మాగిన అరటిపండ్ల మీద ముసిరే రెండు మూడు మిల్లీమీటర్ల ఎర్ర కళ్ల ఈగలు వేరు. అవి డ్రొసోఫిలా, పళ్లు పులిశాక వస్తాయి. మనం మాట్లాడేది దాదాపు ఇంటి ఈగంత ఉండి, గట్టి కాయకు ముల్లు గుచ్చి గుడ్లు పెట్టేది.

పువ్వుల దగ్గర గాల్లో ఒకేచోట నిలబడి ఎగిరే పసుపు నలుపు చారల ఈగతో కూడా పొరబడతారు. దాని కళ్లు తలంతా ఉంటాయి, పొట్ట చదునుగా అడ్డచారలతో ఉంటుంది, రెక్క ముందు అంచున గోధుమ పట్టీ ఉండదు. దాన్ని చంపకండి, దాని పిల్ల పురుగులు పేనుబంకను తింటాయి.

రెండో మెట్టు: వీపు మీద గీతలు

ఈగను బోర్లా పెట్టి, తల మీకు అవతలి వైపు ఉండేలా తిప్పండి. తలకూ పొట్టకూ మధ్య, రెక్కలు మొలిచిన భాగం పైకప్పును చూడండి. అక్కడ పొడుగ్గా పసుపు గీతలు ఎన్ని?

రెండే ఉంటే, అంటే రెండు భుజాల పక్కన కండువా అంచుల్లా చెరొకటి ఉండి మధ్యలో ఏమీ లేకపోతే, అది మామిడి, జామ, సపోటా వంటి పండ్ల మీద బతికే బాక్ట్రోసెరా గుంపు. మూడుంటే, ఆ రెండు కాక నడుమ నామం దిద్దినట్టు ఇంకొకటి ఉంటే, అది కాకర, బీర, సొర, దోస పందిళ్ల గుంపు, పేరు జుగోడాకస్. పాత కరపత్రాల్లో దీన్నీ బాక్ట్రోసెరా కుకుర్బిటే అనే రాస్తారు. 2015లో దీన్ని విడదీసి వేరే ప్రజాతిగా పెట్టారు కాబట్టి రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడొద్దు, ఈగ ఒకటే.

వీపు చివర, పొట్ట మొదలయ్యే చోట, అర్ధచంద్రంలాంటి చిన్న పసుపు పలక కనిపిస్తుంది. దాన్ని గీత కింద లెక్కపెట్టకండి. ఆ పలక అంచున నిలబడ్డ నల్ల వెంట్రుకలు రెండా నాలుగా అన్నది మాత్రం చూసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అసలు పసుపు గీతలే లేకపోతే? తాజా ఈగ అయ్యుండి కూడా వీపంతా నారింజ గోధుమ రంగులో సాదాగా ఉంటే, అది డాకస్ సిలియేటస్ కావొచ్చు. దాని సంగతి కింద చెప్తా.

ఒక జాగ్రత్త. పెట్టెలో దాచుకుందామని ఈగకు సూది గుచ్చేవాళ్లు నడివీపున గుచ్చుతారు, దాంతో ఆ నడిమి గీత చిరిగిపోతుంది. కొంచెం కుడి పక్కకు గుచ్చండి.

మూడో మెట్టు: రెక్క ముందు అంచు

నన్నడిగితే అన్నిట్లో నమ్మదగింది ఇదే, ఎండినా మాసినా రెక్క మీద గుర్తు నిలుస్తుంది. బ్రష్‌తో రెక్కను పక్కకు జరిపి కింద తెల్ల కాగితం వచ్చేలా పెట్టండి, కుదరకపోతే రెక్కను మొదట్లో తుంచి కాగితం మీద ఒక నీటి చుక్కలో పరచండి. ముందు అంచు వెంట గోధుమ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో కాదు, కంటితో నడవండి.

అంచు పొడుగునా సన్నటి గోధుమ పట్టీ, పంచెకు అంచు నేసినట్టు ఎక్కడా తెగకుండా రెక్క కొన దాకా పోయిందంటే, వీపున రెండు గీతలున్న వాటిల్లో అది బాక్ట్రోసెరా డార్సాలిస్. మామిడి తోటల్లో మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

పట్టీ మధ్యలో మాయమై రెక్క కొనన ఒక్క చుక్క మిగిలితే, పసిపిల్ల బుగ్గన దిష్టి చుక్క పెట్టినట్టు ఉంటే, అది బాక్ట్రోసెరాలోనే జొనాటా గానీ కరెక్టా గానీ. రెండింట్లో ఏదో రెక్క చెప్పదు, ముఖం చెప్తుంది.

మూడు గీతలున్న పందిరి ఈగకు పట్టీ కొనకు వచ్చేసరికి గరిటెలా వెడల్పవుతుంది. దానికి ఇంకో ఆనవాలుంది, ఇది చూడటం నేర్చుకుంటే పది ఈగల్లో తొమ్మిదింటిని రెండు క్షణాల్లో వేరు చేస్తారు: రెక్క బయటి సగంలో, పొడుగు ఈనెల్ని కలుపుతూ నిలువుగా ఒక అడ్డ ఈనె ఉంటుంది, ఆ ఈనె చుట్టూ పొగ పట్టినట్టు గోధుమ మచ్చ. అది ఉంటే జుగోడాకస్ కుకుర్బిటే, అంటే కాకర, దోస తోటల అసలు దొంగ.

నాలుగో మెట్టు: ముఖం

ఈగను వెల్లకిలా తిప్పి, ముఖం ఎదురుగా పెట్టుకుని, స్పర్శకాల కింద చూడండి. పసుపుపచ్చ ముఖం మీద నల్ల మచ్చలుంటాయి. డార్సాలిస్‌కు, జొనాటాకు విడివిడిగా రెండు గుండ్రటి చుక్కలు. కరెక్టాకు ఆ రెండు చుక్కలు అడ్డంగా సాగి, దాదాపు కలిసిపోయి, నల్ల మీసం పెట్టినట్టుంటుంది. ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. వెలుగు నేరుగా పడితే ముఖం మెరిసి మచ్చలు దాగుతాయి, పక్క నుంచి కిటికీ వెలుతురు పడేలా కూర్చోండి.

ఐదో మెట్టు: పొట్ట, మగా ఆడా

డార్సాలిస్ పొట్ట మీద నల్లగా సుత్తి ఆకారం ఉంటుంది, అడ్డంగా ఒక గీత, దాని మధ్య నుంచి తోక వైపు నిలువు గీత. కరెక్టాకూ ఉంటుంది, జొనాటాకు మాత్రం ఇది తెగిపోయి, వెలిసిపోయి కనిపిస్తుంది. ఒక్క ఈగకూ ఇంకో ఈగకూ ఇది ఎంతగా మారుతుందంటే, పొట్ట మీద గుర్తుతోనే పేరు పెట్టే ధైర్యం నేను చేయను.

ఎరకు వచ్చేవి మగవే. పొట్ట చివర గుండ్రంగా ఉంటుంది, మూడో ఖండం పక్క అంచుల్లో దువ్వెన పళ్లలా నల్ల వెంట్రుకల వరుస ఉంటుంది. ఆడదానికి పొట్ట చివర గుడ్లు గుచ్చే ముల్లు పొడుచుకొచ్చి ఉంటుంది. బుట్టలో ఆడది కనిపించలేదని ఆశ్చర్యపోవద్దు, మగవాటిని లాగేయడమే ఈ ఎర పని. బీహార్‌లోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త హౌలెట్ సిట్రొనెల్లా నూనెకు మగ పండు ఈగలు ఎగబడటం 1912లో రాశాడు, ఆ లాగేది మిథైల్ యూజినాల్ అని 1915లో తేలింది. తులసిలోనూ అది ఉంటుంది, అందుకే మామిడి కాలంలో తులసి గద్దె దగ్గర ఈ ఈగలు వాలుతుంటాయి, ఒకసారి మీ ఇంటి ముందు చూడండి.

ఎక్కువగా తికమక పెట్టే జతలు

ఎర్ర డార్సాలిస్, జొనాటా. నేను ఎక్కువసార్లు తప్పింది ఇక్కడే. జొనాటా వీపు ఎర్ర గోధుమ రంగు, డార్సాలిస్ వీపు నలుపు అని ఎక్కడో చదివి, ఎర్రగా ఉన్న ప్రతిదాన్నీ జొనాటా డబ్బాలో వేశాను. నిజానికి డార్సాలిస్ వీపు కటిక నలుపు నుంచి ఎర్ర గోధుమ దాకా ఎలాగైనా ఉంటుంది. ఆ డబ్బాలో ఉన్నవన్నీ మళ్లీ పోసి రెక్కలు చూస్తే సగానికి పైగా పట్టీ కొన దాకా పోయి ఉంది, అంటే డార్సాలిస్సే. ఇందులో సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు, ఆఫ్రికాలో 2003లో దొరికిన ఇలాంటి ఈగకు 2005లో ఇన్వాడెన్స్ అని కొత్త పేరు పెట్టారు, పదేళ్ల తర్వాత 2015లో అది కూడా డార్సాలిసే అని తేల్చి పేరు తీసేశారు. సైజు కొంచెం సాయపడుతుంది, డార్సాలిస్ ఏడెనిమిది మిల్లీమీటర్లు, జొనాటా కాస్త చిన్నది. కాకపోతే తిండి చాలని పురుగు నుంచి వచ్చిన డార్సాలిస్ కూడా చిన్నగానే ఉంటుంది.

జొనాటా, కరెక్టా. రెండింటికీ రెక్క కొనన చుక్కే. వీపు నల్లగా, ముఖాన మీసం ఉంటే కరెక్టా. వీపు ఎర్రగా, ముఖాన రెండు విడి చుక్కలుంటే జొనాటా. జామ తోటలో రెండూ ఒకే బుట్టలో పడతాయి. ఇద్దరికీ ఎర ఒకటే కాబట్టి రైతుకు పెద్ద తేడా రాదు, లెక్క రాసుకునేవాళ్లకు వస్తుంది.

కుకుర్బిటే, టావు. టావు కూడా జుగోడాకస్ గుంపుదే. రెండింటికీ వీపున మూడు గీతలే, రెండూ క్యూ లూర్‌కే వస్తాయి. అడ్డ ఈనె మీద పొగ మచ్చ లేకపోతే టావు అనుకోండి. అప్పుడు వీపు చివరి పసుపు పలక వెంట్రుకలు లెక్కపెట్టండి, టావుకు నాలుగు, కుకుర్బిటేకు మామూలుగా రెండు. వెంట్రుక ఊడిపోయి ఉండొచ్చు, ఊడిన చోట చిన్న గుంత కనిపిస్తుంది, దాన్నీ లెక్కలో వేయండి. టావు వీపు మీద నల్ల మచ్చలు కూడా ఎక్కువ, కుకుర్బిటే మొత్తంగా ఎర్ర గోధుమే.

ఇక డాకస్ సిలియేటస్. పందిరి కాయలనే పాడుచేస్తుంది గానీ ఈ రెండు ఎరల్లో దేనికీ రాదు. బుట్ట ఖాళీగా ఉంది, కాయలు మాత్రం పుచ్చుతున్నాయి అంటే దీన్ని అనుమానించాలి. గుర్తు పొట్టలో ఉంది: మిగతా వాటికి పొట్ట పైపలకలు ఒకదాని మీద ఒకటి జరిగే రేకుల్లా విడివిడిగా ఉంటాయి, పక్క నుంచి చూస్తే అతుకులు తెలుస్తాయి. డాకస్‌కు అవన్నీ ఒక్క డొప్పలా కలిసిపోయి ఉంటాయి. సూది మొనతో మెల్లగా నొక్కితే రేకులు కదులుతాయా, డొప్ప మొత్తం ఒక్కసారే కదులుతుందా చూడండి.

రేగు పండ్లలో పురుగు వేరే ఈగది, కార్పోమియా వెసువియానా. దాని రెక్కల మీద అడ్డపట్టీలు, వీపు మీద నల్ల చుక్కలు ఉంటాయి, దేనితోనూ పొరబడరు.

పురుగు నుంచి ఈగ దాకా

కాయలో తెల్ల పురుగును చూసి ఏ ఈగదో చెప్పమని ఫొటోలు పంపుతుంటారు. మామూలు భూతద్దంతో చెప్పలేం. ఈగ అయ్యేదాకా పెంచుకోవడమే. ప్లాస్టిక్ డబ్బా అడుగున రెండంగుళాల జల్లించిన ఇసుక, కొద్దిగా తడి, దాని మీద పుచ్చు కాయలు, పైన పల్చటి బట్ట కట్టి రబ్బరు బ్యాండు. పురుగులు ఎదిగాక వంగి ఎగిరి దూకుతాయి, అందుకే మూత లేకుండా పెట్టకండి. ఇసుకలో దిగి గోధుమ రంగు గింజల్లాంటి కోశాలవుతాయి. మన ఎండాకాలంలో కోశం కట్టిన వారం పది రోజులకు ఈగ వస్తుంది. మామిడి, కాకర ఒకే డబ్బాలో వేయకండి, ఏది దేన్నుంచి వచ్చిందో తెలియకపోతే పడ్డ శ్రమంతా దండగ. ఇలా పెంచిన వాటిల్లో ఆడవీ వస్తాయి, ఎరకు రాని డాకస్ కూడా బయటపడుతుంది. అందుకే బుట్టలో పడ్డదాని కన్నా కాయ నుంచి పుట్టినదాన్నే నేను ఎక్కువ నమ్ముతాను, పక్క తోట నుంచి ఎగిరొచ్చిందేమో అన్న అనుమానం దాంతో ఉండదు కదా.

ఇంకా తేలకపోతే

మూడు ఫొటోలు తీయండి: పై నుంచి వీపు, తెల్ల కాగితం మీద విప్పిన రెక్క, ఎదురుగా ముఖం. చేతిలో పట్టుకుని పక్క నుంచి తీసిన ఒక్క ఫొటోతో ఎంత తెలిసినవాళ్లయినా ఏమీ చెప్పలేరు. ఈగలనే తీసుకెళ్లాలంటే కొన్ని 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, కొన్ని కాగితం మడతలో పొడిగా పెట్టండి, ఎందుకంటే ఆల్కహాల్‌లో పసుపు రంగు కొన్నాళ్లకు వెలిసిపోతుంది. సీసాలోకి చీటీ పెన్సిల్‌తో రాసి వేయండి, పెన్ను సిరా కరిగిపోతుంది: తేదీ, ఊరు, ఏ పంట, ఏ ఎరకు పడింది లేదా ఏ కాయ నుంచి వచ్చింది. వరంగల్‌లో ములుగు రోడ్డు మీద ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, జగిత్యాల వైపు వాళ్లకు పొలాసలోని పరిశోధన స్థానం దగ్గర. పొద్దున పోతే మంచిది.

మా కాకర పందిరికి తర్వాత ఏమైందంటే, క్యూ లూర్ తెచ్చి కట్టాను, పుచ్చు కాయల్ని రోజూ ఏరి లోతుగా పూడ్చాం, పందిరి కిందకు వదిలేయలేదు. రెండో రోజు బుట్ట విప్పితే పదకొండు ఈగలు. మొదటిదాన్నే కాగితం మీద వేసి భూతద్దం పెట్టాను: నడివీపున మూడో గీత, రెక్క అడ్డ ఈనె మీద పొగ మచ్చ.